సగం సీజన్ దగ్గర ఆగి చూస్తే: 2014 ఒహాయో స్టేట్ పాస్ డిఫెన్స్

2014 అక్టోబరు 18న ఒహాయో స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు రట్గర్స్‌ను 56-17 తేడాతో ఓడించింది. దాంతో ఆరు ఆటలు పూర్తయ్యాయి. ఐదు గెలుపులు, ఒక ఓటమి. పన్నెండు ఆటల రెగ్యులర్ సీజన్‌లో సరిగ్గా సగం. మరుసటి శనివారం పెన్ స్టేట్‌తో వాళ్ల మైదానంలో ఆట, నవంబరు 8న మిచిగన్ స్టేట్‌తో మళ్లీ పరాయి మైదానంలోనే. ఆ వారం తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఈ పాస్ డిఫెన్స్ నిజంగా బాగుపడిందా, లేక గట్టిగా బంతి విసిరే జట్టు ఎదురు కాలేదు కాబట్టి బాగున్నట్టు కనిపిస్తోందా?

నేను ఒహాయోలో ఒక హైస్కూల్ జట్టు కోచ్‌లకు ఆట వీడియోలు విడగొట్టి లెక్కలు తీసి ఇస్తుంటాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ల చేత మొదట చేయించేది ఈ కేసే. ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలుసు కాబట్టి, అక్టోబరు 18 దగ్గర ఆగిపోయి, అప్పటికి చేతిలో ఉన్న ఆధారాలతోనే తీర్పు రాయమంటాను. ఒహాయో స్టేట్ ఉన్న కొలంబస్‌లో చదువుకునే మన పిల్లలు చాలామంది శనివారం స్టేడియం దారి పడుతుంటారు. ఆట అలవాటైనా లెక్కలు అలవాటు లేనివాళ్లకు కూడా ఇది అర్థం కావాలని కాస్త విడమరిచి రాస్తున్నాను.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడి చేసే జట్టుకు పది యార్డులు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలుంటాయి. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. బంతి పట్టుకుని పరిగెత్తొచ్చు, లేదా క్వార్టర్‌బ్యాక్ దాన్ని రిసీవర్‌కి విసరొచ్చు. మైదానం చివరున్న ఎండ్ జోన్‌లోకి బంతి చేరిస్తే టచ్‌డౌన్, విసిరిన బంతిని డిఫెన్స్ పట్టేసుకుంటే ఇంటర్‌సెప్షన్. విసిరిన బంతిని ఆపడమే పాస్ డిఫెన్స్. అందులో రెండు పనులున్నాయి. ముందు వరస క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకుపోయి వాడికి టైమ్ లేకుండా చేయాలి. వెనక వరస, అంటే అంచుల్లో ఉండే కార్నర్లు, లోతుగా నిలబడే సేఫ్టీలు, మధ్యలో లైన్‌బ్యాకర్లు, రిసీవర్లను కాచుకోవాలి. ఈ రెండూ కలిస్తేనే పాస్ డిఫెన్స్. దీన్ని వెనక వరస పనిగా మాత్రమే చూసేవాళ్ల తీర్పు సగంలోనే ఆగిపోతుంది.

ముందు ఏడాది మిగిల్చిన గాయం

2013 సీజన్ చివరి మూడు ఆటలు చూడకుండా 2014 అర్థం కాదు. మిచిగన్ మీద 42-41తో గట్టెక్కారు కానీ ఆ ఆటలో డెవిన్ గార్డ్‌నర్ 451 యార్డులు విసిరాడు. చివర్లో మిచిగన్ రెండు పాయింట్ల కోసం వేసిన పాస్‌ని టైవిస్ పావెల్ అందుకోకపోయి ఉంటే ఆ ఆట కూడా పోయేదే. తర్వాత వాళ్లు ఆడే లీగ్ బిగ్ టెన్ ఫైనల్లో మిచిగన్ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ కానర్ కుక్ 304 యార్డులు, 3 టచ్‌డౌన్లు. 34-24తో ఓటమి. చివరగా, సీజన్ చివర ఆడే ఆరెంజ్ బౌల్‌లో క్లెమ్సన్ తరఫున టాజ్ బోయిడ్ 40 పాసుల్లో 31 పూర్తి చేసి 378 యార్డులు, 5 టచ్‌డౌన్లు కొట్టాడు. అందులో ఒక్క సామీ వాట్కిన్స్‌కే 16 క్యాచ్‌లు, 227 యార్డులు. 40-35తో మరో ఓటమి.

హెడ్ కోచ్ అర్బన్ మేయర్ ఆ చలికాలంలో డిఫెన్స్‌ను పునాదుల నుంచి మార్చాడు. ఆర్కన్సా నుంచి క్రిస్ ఆష్‌ను తెచ్చి, లూక్ ఫికెల్‌తో పాటు కో-కోఆర్డినేటర్‌ని చేసి, సేఫ్టీలను అతనికి అప్పగించాడు. కార్నర్ల కోచ్ కెరీ కూంబ్స్ అప్పటికే ఉన్నాడు. ముందు వరసకు పెన్ స్టేట్ నుంచి లారీ జాన్సన్ వచ్చాడు. ఆటగాళ్లూ మారారు. కార్నర్ బ్రాడ్లీ రోబీ ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోయాడు. మిగిలిన నలుగురిలో సీనియర్ కార్నర్ డోరన్ గ్రాంట్ ఒక్కడే పాత కాపు. రెండో కార్నర్ ఎలై ఆపిల్‌కి కాలేజీ ఆటల్లో అదే మొదటి సీజన్. సేఫ్టీ వాన్ బెల్ రెండో ఏడాది కుర్రాడు, పావెల్ కొత్త స్థానంలో ఆడుతున్నాడు.

ఆష్ తెచ్చిన పద్ధతి పేరు క్వార్టర్స్. లోతైన మైదానాన్ని అడ్డంగా నాలుగు భాగాలు చేసి ఇద్దరు కార్నర్లు, ఇద్దరు సేఫ్టీలు తలో భాగం పంచుకుంటారు. వినడానికి సులువే. కష్టమంతా సేఫ్టీ కళ్లలో ఉంది. అతను చూడాల్సింది తనవైపు లోపలగా నిలబడ్డ రెండో రిసీవర్‌ని. ఆ రిసీవర్ నిలువుగా లోతుకి పరిగెత్తితే సేఫ్టీ అతన్ని పట్టుకోవాలి. పొట్టిగా ఆగిపోతే వెంటనే తల తిప్పి, బయటి రిసీవర్‌తో తలపడుతున్న కార్నర్‌కి లోపలి వైపు సాయం వెళ్లాలి. బంతి పరుగుకి వెళ్తే ముందుకొచ్చి పరుగు ఆపాల్సింది కూడా అతనే. ఇదంతా బంతి కదిలిన ఒకటిన్నర సెకన్లలో తేలిపోవాలి.

దీనికి తోడు కార్నర్లు 2013లోలా రిసీవర్‌కి ఏడెనిమిది యార్డులు వదిలి నిలబడరు. ముక్కుకి ముక్కు ఆనించినంత దగ్గరగా నిలబడి మొదటి అడుగులోనే అడ్డం పడతారు. దీన్నే ప్రెస్ అంటారు. పొట్టి పాసులు సులువుగా దొరకవు, ప్రతి విసురుకీ పోటీ ఉంటుంది. బదులుగా చెల్లించే మూల్యం ఏమిటంటే, సేఫ్టీ పరుగు అనుకుని రెండడుగులు ముందుకు వేస్తే చాలు, కార్నర్ వెనక ముప్పై యార్డుల ఖాళీ పడుతుంది. అక్కడికి బంతి చేరితే ఆపేవాడు లేడు.

ఏ అంకెలు పక్కన పెట్టాలి

టీవీలో చూపించే పాస్ డిఫెన్స్ ర్యాంకు ఆటకి సగటున ఎన్ని యార్డులు ఇచ్చారన్న దాని మీద ఉంటుంది. సగం సీజన్ దగ్గర దీన్ని నేను మొట్టమొదట పక్కన పెట్టేస్తాను. ఈ ఆరు ఆటలే చూడండి. మొదటి ఆట నేవీతో. వాళ్లది ట్రిపుల్ ఆప్షన్, ఆటంతా పరుగే, పాసులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ ఆట సగటుని ఒక్కసారిగా కిందికి లాగేస్తుంది, కానీ అక్కడ పాస్ డిఫెన్స్‌కి పరీక్షే జరగలేదు. కెంట్ స్టేట్‌ని 66-0తో ఓడించిన ఆట కూడా అంతే. ఇంకోపక్క, గెలిచిన ఐదు ఆటల్లోనూ తేడా 17 పాయింట్లకి తగ్గలేదు. అంత వెనకబడ్డ జట్టు గడియారం చూసుకుంటూ బంతి విసురుతూనే ఉంటుంది, యార్డులు పోగవుతాయి. చేతులెత్తేసిన జట్టు ఆఖరి ఓవర్లలో కొట్టిన సిక్సర్లతో బౌలర్ ఎకానమీ లెక్కేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది.

కాలేజీ లెక్కల్లో ఇంకో మెలిక ఉంది, చాలామంది గమనించరు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరకముందే పడగొడితే, అంటే శాక్ చేస్తే, పోయిన యార్డుల్ని కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ పరుగు ఖాతాలో తీసేస్తుంది, పాస్ ఖాతాలో కాదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో దీనికి విరుద్ధంగా పాస్ ఖాతాలోనే తీస్తారు. అంటే కాలేజీలో గొప్పగా శాక్ చేసే జట్టుకి దక్కాల్సిన మార్కులు పాస్ డిఫెన్స్ అంకెల్లో ఎక్కడా కనిపించవు. సిన్సినాటితో ఆటలో జోయీ బోసా క్వార్టర్‌బ్యాక్ గన్నర్ కీల్‌ని అతని ఎండ్ జోన్‌లోనే పట్టి బంతి ఊడగొట్టాడు, ఒహాయో స్టేట్‌కి రెండు పాయింట్లు వచ్చాయి. ఆ రోజంతట్లో డిఫెన్స్ చేసిన అతి పెద్ద పనుల్లో అదొకటి. కీల్ పాసింగ్ అంకెల్లో దాని జాడ కూడా లేదు.

క్వార్టర్‌బ్యాక్ ఎంత బాగా విసిరాడో చెప్పే పాసర్ రేటింగ్ కొంత నయం. ఎన్‌సీఏఏ పద్ధతిలో యార్డుల్ని 8.4తో, టచ్‌డౌన్లను 330తో, పూర్తయిన పాసుల్ని 100తో గుణించి కూడి, ఇంటర్‌సెప్షన్‌కి 200 చొప్పున తీసేసి, మొత్తాన్ని విసిరిన పాసులతో భాగిస్తారు. ఆరెంజ్ బౌల్‌లో బోయిడ్ 2 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చి కూడా ఈ లెక్కలో 188 తెచ్చుకున్నాడు. యార్డుల కన్నా ఇది నిజానికి దగ్గరగా ఉంటుంది. అయినా దీనిలోనూ శాకులు లేవు.

ఇంటర్‌సెప్షన్ల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. డిఫెన్స్ చెయ్యి తగిలిన పాసుల్లో, అంటే కొట్టి పడేసినవీ పట్టుకున్నవీ కలిపితే, సుమారు ఐదింట ఒకటి ఇంటర్‌సెప్షన్ అవుతుంది. ఆ నిష్పత్తి కన్నా చాలా ఎక్కువ పట్టుకుంటున్న జట్టుకి అదృష్టం తోడుందని, చాలా తక్కువ పట్టుకుంటున్న జట్టుకి ముందు మంచి రోజులున్నాయని అనుకోవచ్చు. అందుకే సగం సీజన్‌లో ఇంటర్‌సెప్షన్ల కన్నా చెయ్యి తగిలిన పాసుల్నే నేను నమ్ముతాను.

సిన్సినాటి ఆట

ఈ కేసులో కీలకం సెప్టెంబరు 27. ఒహాయో స్టేట్ 30-7తో ముందుంది. ఆట అయిపోయిందనుకున్నారు. చూస్తుండగానే అది 33-28 అయింది. ఆఖరికి 50-28తో గెలిచారు గానీ ఆ మధ్యలో కొలంబస్ మొత్తం 2013 పీడకలే మళ్లీ వచ్చిందనుకుంది. కీల్ 352 యార్డులు, 4 టచ్‌డౌన్లు విసిరాడు. రిసీవర్ క్రిస్ మూర్ పట్టింది మూడే బంతులు. మూడూ టచ్‌డౌన్లే: 60, 83, 78 యార్డులు.

కూడితే 221. అంటే 352లో అరవై రెండు శాతానికి పైగా ఆ మూడు బంతుల్లోనే పోయింది. మిగతా రిసీవర్లందరికీ కలిపి ఆటంతా దక్కింది 131 యార్డులు. ఈ రెండు అంకెల్ని పక్కపక్కన రాయమంటాను. 131 చూస్తే ఇది గట్టి డిఫెన్స్, 221 చూస్తే చిల్లు పడ్డ డిఫెన్స్. రెండూ నిజమే. తీర్పు రాసేవాడి పని వీటిలో ఒకదాన్ని ఎంచుకోవడం కాదు, ఆ చిల్లు ఎలాంటిదో చెప్పడం.

ఇరవై యార్డులు దాటిన ప్రతి పాస్ దగ్గరా వీడియో ఆపి మూడు ప్రశ్నలు వేస్తాను. బంతి చెయ్యి దాటే క్షణంలో రిసీవర్‌కి చెయ్యి చాపినంత దూరంలో డిఫెండర్ ఉన్నాడా? సేఫ్టీ మొదటి రెండడుగులు ముందుకి పడ్డాయా, వెనక్కి పడ్డాయా? క్వార్టర్‌బ్యాక్ చేతిలో బంతి ఎంతసేపు ఉంది? డిఫెండర్ పక్కనే ఉండి ఓడిపోతే అది కాలి వేగం, ఎత్తు, నైపుణ్యం సమస్య. అది అక్టోబరులో బాగుపడదు, వచ్చే ఏడాది కొత్త కుర్రాడు రావాలి. పక్కన ఎవరూ లేకపోతే అది ఎవరి బాధ్యత ఏదన్న అయోమయం. అది బాగుపడుతుంది. బంతి మూడు సెకన్లకి మించి చేతిలో ఉంటే తప్పు ముందు వరసది, వెనకవాళ్లని తిట్టి లాభం లేదు.

ఈ పనికి ఒక పెద్ద అడ్డంకి ఉంది. టీవీ కెమెరా బంతి చుట్టూ తిరుగుతుంది, లోతుగా నిలబడ్డ సేఫ్టీలు మొదటి సెకనులో తెరలోకే రారు. ఇరవై రెండు మందినీ ఒకేసారి చూపించే వీడియో కోచ్‌ల దగ్గరే ఉంటుంది. బయటివాళ్లం రీప్లే వచ్చేదాకా ఆగి, సేఫ్టీ ఎటు నుంచి తెరలోకి వస్తున్నాడో చూసి, అతను ఎక్కడి నుంచి బయల్దేరాడో వెనక్కి లెక్క కట్టాలి. పక్క నుంచి పరిగెత్తుకొస్తే మధ్యలోకి వెళ్లి ఉంటాడు. కింది నుంచి వెనక్కి తిరిగి పరిగెడుతుంటే పరుగు అనుకుని ముందుకొచ్చి ఉంటాడు. ఓపిక కావాలి, అంతే.

నా అంచనాలో ఆ రోజు లోపం అయోమయం వైపే ఎక్కువ. కొత్త పద్ధతి, కొత్త కోచ్, నలుగురిలో ముగ్గురు తమ స్థానాలకి కొత్త, పైగా అది నాలుగో ఆటే. క్వార్టర్స్ నేర్చుకునే జట్టు ఇలాగే దెబ్బ తింటుంది. చిన్నచిన్నగా కాదు, అరుదుగా, ఒకేసారి అరవై డెబ్బై యార్డులు. 2013 సీజన్‌లో క్లెమ్సన్ చేతిలో తిన్న దెబ్బ వేరు. వాట్కిన్స్ పదహారు సార్లు పట్టుకున్నాడంటే ఆటంతా ప్రతి డౌన్‌లోనూ దారి తెరిచే ఉంది.

మిగతా ఆటలు

వర్జీనియా టెక్‌తో సెప్టెంబరు 6న 35-21 ఓటమి. అందులో మైకేల్ బ్రూయర్ విసిరింది 199 యార్డులే, 2 టచ్‌డౌన్లు. యార్డుల ప్రకారం చూస్తే పాస్ డిఫెన్స్ బాగా ఆడిన రోజది. నిజానికి కాదు. థర్డ్ డౌన్ల దగ్గర కావాల్సిన ఆరేడు యార్డులు మళ్లీ మళ్లీ ఇచ్చేశారు, మైదానం వదిలి బయటికి రాలేకపోయారు. అందుకే నేను ప్రతి పాస్‌ని డౌన్ బట్టి కొలుస్తాను. మొదటి డౌన్‌లో కావాల్సిన దూరంలో సగం, రెండో డౌన్‌లో డెబ్బై శాతం, మూడు నాలుగు డౌన్లలో మొత్తం వస్తే దాడికి విజయం, లేకపోతే డిఫెన్స్‌కి. ఆరు యార్డులు ఇస్తే, ఐదు యార్డులు కావాల్సిన థర్డ్ డౌన్‌లో డిఫెన్స్‌కి ఓటమి, పది కావాల్సిన థర్డ్ డౌన్‌లో గెలుపు. యార్డుల పట్టికలో రెండూ ఒకటే.

మేరీలాండ్ ఆట (52-24) ఆశ పుట్టించింది. స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్ ఉన్న జట్టు, సిన్సినాటి చూపించిన దారిలోనే లోతుగా కొడదామని వచ్చి ఉంటుంది. నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చుకుని వెళ్లింది. ఫ్రెష్‌మన్ లైన్‌బ్యాకర్ రెక్వాన్ మెక్‌మిలన్ ఒకటి పట్టుకుని నేరుగా టచ్‌డౌన్‌కి పరిగెత్తాడు. పైన చెప్పినట్టు ఆ నాలుగిట్లో అదృష్టం వాటా ఉంటుంది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది, సిన్సినాటి తర్వాతి వారమే సేఫ్టీలు లోతు వదలకుండా ఆడటం. రట్గర్స్ ఆటలో కొత్తగా తెలిసింది పెద్దగా లేదు.

అక్టోబరు 18 నాటి తీర్పు

ఇన్నీ కలిపితే నేను రాయించే తీర్పు ఇలా ఉంటుంది. నిజంగా పరీక్ష పెట్టిన ఆటలు నాలుగే, మిగతా రెండూ పక్కన పెట్టాలి. డౌన్ డౌన్‌కీ చూస్తే ఇది 2013 కన్నా ఖచ్చితంగా మెరుగైన డిఫెన్స్, ఎందుకంటే పొట్టి పాసులు ఊరికే ఇవ్వడం లేదు. లోతు పాసు ప్రమాదం పూర్తిగా పోదు, ఈ పద్ధతిలో అది అంతర్భాగం. ప్లే-యాక్షన్ (పరుగని నమ్మించి బంతి విసరడం) బాగా ఆడే మిచిగన్ స్టేట్ లాంటి జట్టు ఒకటి రెండు సార్లు కొడుతుంది. దానికి భయపడి కార్నర్లను మళ్లీ ఏడు యార్డులు వెనక్కి జరిపితే ఆరు వారాల కష్టం వృథా. బోసా, మైకేల్ బెనెట్, అడాల్ఫస్ వాషింగ్టన్ ఉన్న ముందు వరస నలుగురితోనే ఒత్తిడి తెస్తోంది కాబట్టి వెనక ఏడుగురిని ఉంచుకునే వీలుంది. సేఫ్టీలకి ఒకే ఒక్క మాట చెప్పాలి: అనుమానమొస్తే ముందుకి రావద్దు. పరుగులో నాలుగు యార్డులు ఎక్కువ పోయినా ఫరవాలేదు.

ఈ తీర్పులో ఎక్కువ టెన్షన్ పెట్టే వాక్యం ప్రెస్ వదలొద్దన్నదే. మూడు పెద్ద టచ్‌డౌన్లు తిన్న కోచ్‌కి కార్నర్లను వెనక్కి జరపాలన్న కోరిక సహజంగా పుడుతుంది, స్టాండ్స్‌లో ఉన్నవాళ్లంతా అదే అరుస్తారు. ఒహాయో స్టేట్ కోచ్‌లు జరపలేదు. ఆ సీజన్‌లో వాళ్లు తీసుకున్న నిర్ణయాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

తర్వాత జరిగింది

పెన్ స్టేట్ ఆట రెండు ఓవర్‌టైమ్‌ల దాకా వెళ్లింది, 31-24. క్రిస్టియన్ హాకెన్‌బర్గ్ 49 పాసులు విసిరి తెచ్చుకున్నది 224 యార్డులు. పాస్‌కి ఐదు యార్డులు కూడా కాదు. ఆఖరి డౌన్‌లో బోసా మీదికి అడ్డం వచ్చింది రన్నింగ్ బ్యాక్ అకీల్ లించ్. బోసా అతన్ని తప్పించుకుని పక్క నుంచి వెళ్లలేదు. ఛాతీ మీద చేతులు పెట్టి, నిలబెట్టినవాణ్ని నిలబెట్టినట్టే వెనక్కి తోసుకుంటూ తీసుకెళ్లి హాకెన్‌బర్గ్ మీద పడేశాడు. ఆట అక్కడే ముగిసింది. పాస్ డిఫెన్స్ రెండు వరసల పని అని ఎవరికైనా చూపించాలంటే ఆ ఒక్క ప్లే చాలు.

మిచిగన్ స్టేట్‌తో కానర్ కుక్ 358 యార్డులు కొట్టాడు. ఒహాయో స్టేట్ 49-37తో గెలిచింది. బిగ్ టెన్ ఫైనల్లో విస్కాన్సిన్ 3 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చి 59-0తో కుప్పకూలింది. షుగర్ బౌల్‌లో అలబామా మీద 42-35. బ్లేక్ సిమ్స్ 36 పాసుల్లో 22 పూర్తి చేసి 237 యార్డులు, 2 టచ్‌డౌన్లు, 3 ఇంటర్‌సెప్షన్లు. రేటింగ్ లెక్క కడితే 118. ఏడాది ముందు బోయిడ్‌కి ఇచ్చిన 188తో పోల్చుకోండి. ఆ మూడింటిలో ఒకటి డిఫెన్సివ్ ఎండ్ స్టీవ్ మిల్లర్‌ది. మీదికి దూకాల్సినవాడు వెనక్కి జారి పాసు దారిలో నిలబడ్డాడు. సిమ్స్ అతన్ని చూడలేదు. 41 యార్డుల టచ్‌డౌన్. ఆఖరి ఇంటర్‌సెప్షన్ పావెల్‌ది, ఎండ్ జోన్‌లో.

2015 జనవరి 12న ఒరెగాన్‌తో జాతీయ ఫైనల్. మార్కస్ మరియోటా 333 యార్డులు కొట్టాడు, అందులో బైరన్ మార్షల్‌కి 70 యార్డుల టచ్‌డౌన్ ఒకటి. లోతు చిల్లు ఆఖరి ఆట దాకా పూర్తిగా పూడలేదు. కానీ ఒరెగాన్ 12 థర్డ్ డౌన్లలో నిలబెట్టుకున్నది రెండే, చేసింది 20 పాయింట్లే. 42-20. సీజన్ ముగిసేసరికి బెల్‌కి 6, గ్రాంట్‌కి 5, పావెల్‌కి 4, ఆపిల్‌కి 3 ఇంటర్‌సెప్షన్లు. తర్వాత గ్రాంట్, బెల్ ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో ఎంపికయ్యారు. ఆపిల్ అయితే 2016లో పదో పిక్‌గానే పోయాడు. సిన్సినాటి రోజు సమస్య కాళ్లలో లేదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కొత్తవాళ్లకి చివరగా ఇచ్చే పని ఒకటుంది. కానర్ కుక్ ఆడిన రెండు ఆటలూ, 2013 డిసెంబరుదీ 2014 నవంబరుదీ, పక్కపక్కన పెట్టి ప్రతి పాస్‌కీ ఆ మూడు ప్రశ్నలు వేసి పట్టిక నింపాలి. 304 యార్డులతో ఓడించినవాడు 358 యార్డులతో ఎందుకు ఓడిపోయాడో ఒక పేజీలో రాసి ఇవ్వాలి. పాస్ యార్డుల సగటు ఆ పేజీలో ఎక్కడా వాడకూడదు.